12 వోల్టుల బ్యాటరీ నుంచి మైనస్ 12: నా ప్రాజెక్టు డైరీ, కాలినవాటితో సహా

కావలసింది ఇది. మా వీధి భజన బృందానికి నాలుగు మైకుల చిన్న మిక్సర్. లోపల ఎన్‌ఈ5532 ఆప్‌ఆంప్‌లు (సన్నని సిగ్నల్‌ను పెంచే చిప్‌లు) నాలుగు. వాటికి ప్లస్ 12, మైనస్ 12 రెండూ కావాలి. 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ పెడితే గంటలో పని అయిపోయేది. కానీ కరెంటు పోయినా భజన ఆగకూడదన్నది షరతు, అంటే యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల బ్యాటరీ మీద నడవాలి. బ్యాటరీకి ఉన్నవి రెండే కొనలు. మైనస్ మనమే పుట్టించుకోవాలి.

ఒక్కో 5532 మామూలుగా 8 మిల్లీఆంపియర్లు తాగుతుంది, గరిష్ఠంగా 16. నాలుగింటికి 32 నుంచి 64. కొంచెం చేయి విడిచి 100 మిల్లీఆంపియర్లకు డిజైన్ చేశాను. బ్యాటరీ 11 నుంచి 14.4 వోల్టుల మధ్య ఎక్కడైనా ఉండొచ్చు.

దశ 1: 7660తో పోయిన సాయంత్రం

కాయిల్ గొడవ లేకుండా రెండు కండెన్సర్లతోనే మైనస్ ఇచ్చే చిప్ ఐసీఎల్7660. దీనికి గరిష్ఠం 10 వోల్టులు కాబట్టి ముందు 7809 రెగ్యులేటర్ పెట్టి 9 వోల్టులకు దించాను.

కొలతలు:
1. లోడ్ లేకుండా: మైనస్ 8.95
2. 10 మిల్లీఆంపియర్ల దగ్గర: మైనస్ 8.4
3. 33 మిల్లీఆంపియర్ల దగ్గర: మైనస్ 7.1

ఈ చిప్‌కు లోపలి రెసిస్టెన్స్ సుమారు 55 ఓంలు. 33 మిల్లీఆంపియర్లకే 1.8 వోల్టులు అక్కడే పోతాయని ముందే గుణించుకుంటే సరిపోయేది, గుణించలేదు. పైగా లోపలి ఆసిలేటర్ 10 కిలోహెర్ట్జ్, దాన్ని రెండుతో భాగించి 5 కిలోహెర్ట్జ్ దగ్గర స్విచ్ చేస్తుంది. మైకులో ఆ 5 కిలోహెర్ట్జ్ ఈలలా వినపడింది. ఒక ఆప్‌ఆంప్‌కైతే ఇది మంచి చిప్పే. నాలుగు 5532లను మోయలేదు.

*ఇప్పటివరకు: 60 రూపాయలు, 2 గంటలు, కాలినవి 0.*

దశ 2: కాగితం మీద లెక్క

కోఠి గుజరాతీ గల్లీలో ఎప్పుడడిగినా దొరికే స్విచింగ్ చిప్ ఎంసీ34063ఏ. పాతదే, మెల్లగా నడిచేదే, కానీ చేత్తో లెక్క వేసుకోవచ్చు, చేత్తో సోల్డర్ చేసుకోవచ్చు. మూడు కొన్నాను. ఒకటి కాలుతుందని తెలుసు.

పనిచేసే తీరు క్లుప్తంగా: చిప్‌లోని స్విచ్ మూసుకున్నప్పుడు (ఆన్ అయినప్పుడు) కాయిల్ ప్లస్ 12కీ గ్రౌండ్‌కీ మధ్య ఉంటుంది, కరెంటు తిన్నని వాలు గీతలా పెరుగుతుంది. స్విచ్ తెరుచుకోగానే (ఆఫ్ కాగానే) కాయిల్ ఆ కరెంటును ఆగనివ్వదు. పైనుంచి రాక ఆగిపోయింది కాబట్టి డయోడ్ గుండా అవుట్‌పుట్ కండెన్సర్ నుంచి లాక్కుంటుంది. అలా లాగీ లాగీ ఆ కొన గ్రౌండ్ కంటే కిందికి దిగుతుంది. అదే మన మైనస్.

లెక్క, బ్యాటరీ బాగా దిగిపోయి 11 వోల్టులున్నప్పటి పరిస్థితికి:

1. స్విచ్‌లో పోయేది 1 వోల్టు, షాట్కీ డయోడ్‌లో 0.4. ఆన్ సమయాన్ని ఆఫ్ సమయంతో భాగిస్తే: 12.4 బై 10, అంటే 1.24.
2. 40 కిలోహెర్ట్జ్ అనుకుంటే ఒక చక్రం 25 మైక్రోసెకన్లు. అందులో ఆన్ 13.8, ఆఫ్ 11.2.
3. టైమింగ్ కండెన్సర్: ఆన్ సమయాన్ని 0.00004తో గుణించాలి. 553 పికోఫారడ్లు వచ్చింది, 560 పెట్టాను.
4. కాయిల్‌లో కరెంటు శిఖరం: రెండింతల లోడ్ కరెంటును 2.24తో (1.24కి 1 కలిపి) గుణిస్తే 0.45 ఆంపియర్లు.
5. సెన్స్ రెసిస్టర్ (దీని మీద 0.3 వోల్టులు పడగానే చిప్ స్విచ్ ఆపేస్తుంది): 0.3ని 0.45తో భాగిస్తే 0.67 ఓం. నా దగ్గర 1 ఓంవి రెండున్నాయి, పక్కపక్కన కలిపితే 0.5. హద్దు 0.6 ఆంపియర్లకు పెరిగింది, ఫర్వాలేదు.
6. కాయిల్: 10ని 0.45తో భాగించి 13.8తో గుణిస్తే 307 మైక్రోహెన్రీలు. మార్కెట్లో దొరికేది 330.
7. వోల్టేజ్ నిర్ణయించే రెసిస్టర్లు: 1 కిలో ఓం ఒకటి, 8.2 కిలో ఓం, 390 ఓం సిరీస్‌లో కలిపి 8.59 కిలో ఓంగా ఇంకొకటి. 1.25ని 9.59తో (8.59కి 1 కలిపి) గుణిస్తే 11.99.

నాలుగో అంకె చూసి కంగారు పడ్డాను. 0.1 ఆంపియర్ కావాలంటే కాయిల్‌లో దాదాపు అర ఆంపియర్ పారాలా? అవును, పారాలి. ఆన్ సమయంలో లోడ్‌కు కాయిల్ నుంచి ఏమీ అందదు, ఆఫ్ సమయంలోనే మొత్తం అందాలి. ఈ అంకెను నమ్మకపోవడమే దశ 4లో నా నెత్తిమీదికి వచ్చింది.

దశ 3: బ్రెడ్‌బోర్డు, నాలుగో పిన్

కనెక్షన్లు ఇలా ఉండాలి:

1. 6వ పిన్‌కు ప్లస్ 12. 6కీ 7కీ మధ్య 0.5 ఓం. 7, 8, 1 మూడూ కలిపేయాలి.
2. 2వ పిన్ నుంచి కాయిల్ ఒక కొన, డయోడ్ గీత ఉన్న వైపు. కాయిల్ రెండో కొన గ్రౌండ్‌కు.
3. డయోడ్ రెండో కొన మైనస్ అవుట్‌పుట్.
4. 4వ పిన్ మైనస్ అవుట్‌పుట్‌కు. టైమింగ్ కండెన్సర్ 3కీ 4కీ మధ్య.
5. 5వ పిన్ నుంచి 1 కిలో ఓం మైనస్ అవుట్‌పుట్‌కు, 8.59 కిలో ఓం గ్రౌండ్‌కు.
6. అవుట్‌పుట్ కండెన్సర్ ప్లస్ కాలు గ్రౌండ్‌కు, మైనస్ కాలు మైనస్ అవుట్‌పుట్‌కు.

నేను చేసింది: 4వ పిన్ పేరు గ్రౌండ్ అని ఉంది కాబట్టి చేయి దానంతట అదే గ్రౌండ్‌కు పెట్టేసింది. స్విచ్ వేశాను. అవుట్‌పుట్ మైనస్ 0.7 దగ్గర మేకు కొట్టినట్టు ఆగిపోయింది. పరీక్షకు పెట్టిన అడాప్టర్ లైటు మిణుకు మిణుకు. చిప్ మీద వేలు పెట్టి తీసేసరికి బొబ్బ.

కారణం రెండు రకాలుగా ఉంది. చిప్ తన 1.25 వోల్టుల రిఫరెన్స్‌ను 4వ పిన్ నుంచి కొలుస్తుంది. 4 గ్రౌండ్‌లో ఉంటే 5వ పిన్‌కు 1.25 ఎప్పటికీ కనపడదు, ఎందుకంటే అక్కడికి వచ్చేవన్నీ సున్నా కంటే కిందివే. కాబట్టి చిప్ ఆపకుండా తోస్తూనే ఉంటుంది. ఇక 2వ పిన్ 4వ పిన్ కంటే కిందికి దిగాలని చూస్తుంది, చిప్‌లో అన్నిటికంటే కింద ఉండాల్సింది 4వ పిన్నే. లోపలి జంక్షన్లు తెరుచుకుని కరెంటు దారి తప్పుతుంది.

4ను మైనస్ అవుట్‌పుట్‌కు మార్చి, రెండో చిప్ పెట్టాక మైనస్ 12.02 వచ్చింది. అలా మారిస్తే గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటుంది: చిప్ మీద పడేది ఇప్పుడు 12 కాదు, 24 వోల్టులు. దీని హద్దు 40 కాబట్టి సరిపోయింది. 6వ పిన్‌కూ 4వ పిన్‌కూ మధ్య చిన్న కండెన్సర్ పెట్టేవాళ్లు 25 వోల్టులది పెట్టొద్దు, 50ది పెట్టండి.

*ఇప్పటివరకు: 185 రూపాయలు, 7 గంటలు, కాలినవి 1 చిప్, 1 వేలు.*

దశ 4: వేడి ఎక్కడ పుడుతోంది?

లోడ్‌గా 120 ఓంల సిమెంట్ రెసిస్టర్, సరిగ్గా 100 మిల్లీఆంపియర్లు లాగుతుంది. పెట్టగానే అవుట్‌పుట్ మైనస్ 10.3కు జారింది. లోపలికి వెళ్లేది 12.1 వోల్టులు, 0.2 ఆంపియర్లు, అంటే 2.42 వాట్లు. బయటికొచ్చేది 0.88. దక్కేది 36 శాతం. మిగతాదంతా వేడి.

మొదటి దొంగ డయోడ్. డబ్బాలో చేతికందిందని 1ఎన్4007 పెట్టాను. 50 హెర్ట్జ్ కోసం పుట్టిన డయోడ్ అది. 40 కిలోహెర్ట్జ్ దగ్గర కరెంటు ఆపమంటే తీరిగ్గా ఆపుతుంది, ఆలోగా కరెంటు వెనక్కి పారుతుంది. 1ఎన్5819 పెట్టాను. షాపులో అది అయిపోయిందని 1ఎన్5817 ఇస్తే తీసుకోకండి: అది 20 వోల్టుల డయోడ్, ఇక్కడ దాని మీద 24 పడుతుంది.

డయోడ్ మార్చాక: మైనస్ 11.2, దక్కేది 47 శాతం. ఇంకా ఏదో తింటోంది.

రెండో దొంగను పట్టుకోడానికి ఆసిలోస్కోప్ (వోల్టేజ్ ఎలా మారుతోందో తెర మీద గీతగా చూపే పరికరం) కావాల్సి వచ్చింది. 0.5 ఓం రెసిస్టర్ రెండు కొనలకు రెండు ప్రోబులు పెట్టి, ఒకదాన్ని తలకిందులు చేసి రెండూ కలపమని స్కోప్‌కు చెప్పాను. ఒకే ప్రోబు పెట్టి గ్రౌండ్ క్లిప్‌ను ప్లస్ 12కు తగిలిస్తే స్కోప్ ఎర్త్ ద్వారా షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది, ఆ షార్ట్‌కట్ వద్దు.

తెర మీద కనపడింది: మొదటి 5 మైక్రోసెకన్లు కరెంటు గీత తిన్నగా ఎక్కింది, 0.08 వోల్టుల దాకా. అంటే 160 మిల్లీఆంపియర్లు. ఆ తర్వాత గీత కొండలా పైకి లేచి 0.3 వోల్టులకు తగిలి చిప్ ఆపేసింది. కాయిల్ నిండిపోయింది, సాచురేట్ అయింది. కోర్ ఇక పట్టలేనప్పుడు కాయిల్ ఉత్త తీగ ముక్కే.

నేను వాడింది రెసిస్టర్‌లా సన్నగా, రంగు గీతలతో ఉండే 5 రూపాయల కాయిల్. దాని మీద 330 అన్నది నిజమే. ఎంత కరెంటు దాకా 330గా ఉంటుందో అడగలేదు. కరెంటు శిఖరం అర ఆంపియర్ అని నేనే లెక్క కట్టి, మనసులో మాత్రం 0.1 ఆంపియర్ సర్క్యూటే కదా అనుకున్నాను.

మళ్లీ కోఠి. ఈసారి అడిగిన మాట: "330 డ్రమ్ కాయిల్, ఒక ఆంపియర్‌ది." పాతిక రూపాయలు, రెండు తీసుకున్నాను.

మార్చాక కొలతలు, 100 మిల్లీఆంపియర్ల దగ్గర:
1. అవుట్‌పుట్: మైనస్ 11.97
2. లోపలికి: 12.1 వోల్టులు, 0.142 ఆంపియర్లు
3. దక్కేది: 70 శాతం
4. సెన్స్ రెసిస్టర్ మీద గీత: చివరిదాకా తిన్నగా, శిఖరం 0.23 వోల్టులు, అంటే 0.46 ఆంపియర్లు

నాలుగో వరుస చూసినప్పుడు కాగితం మీది 0.45 గుర్తొచ్చింది. ఈ పాత చిప్‌కు 70 దాటాలని నేను పాకులాడలేదు. స్విచ్‌లోనే ఒక వోల్టు పోతుంది మరి.

*ఇప్పటివరకు: 255 రూపాయలు, 12 గంటలు, కాలినవి 1 చిప్.*

దశ 5: డాట్ బోర్డు, అబద్ధమాడిన ప్రోబు

బ్రెడ్‌బోర్డు మీద అవుట్‌పుట్‌లో 400 మిల్లీవోల్టుల ముళ్లు (క్షణంలో వచ్చిపోయే వోల్టేజ్ పోట్లు) కనపడ్డాయి. సోల్డర్ చేస్తే పోతాయనుకుని డాట్ బోర్డు మీదికి మార్చాను. 380. అంతే తగ్గింది.

ఒక సాయంత్రం మొత్తం కండెన్సర్లు మారుస్తూ కూర్చున్నాక, ప్రోబు కొననీ దాని గ్రౌండ్ క్లిప్‌నీ ఒకే చోట, గ్రౌండ్ మీదే పెట్టి చూశాను. అక్కడ సున్నా రావాలి. 250 మిల్లీవోల్టుల ముళ్లు. అంటే ఆ జానెడు గ్రౌండ్ తీగే యాంటెన్నాలా కాయిల్ పక్కన నిలబడి పట్టుకుంటోంది. క్లిప్ తీసేసి, ప్రోబు మెడకు సన్న రాగి తీగ చుట్టి, కండెన్సర్ కాళ్ల మీదే కొలిచాను. 120. కొలతే తప్పయితే ఎన్ని కండెన్సర్లు మార్చి ఏం లాభం?

నిజంగా ఉన్న 120ని తగ్గించడానికి బోర్డు మళ్లీ పేర్చాను. ఈ రకం కన్వర్టర్‌లో లోపలి కరెంటూ ముక్కలు ముక్కలుగానే వస్తుంది, బయటి కరెంటూ ముక్కలు ముక్కలుగానే పోతుంది. ఏ వైపూ నునుపు ఉండదు. కాబట్టి ఇన్‌పుట్ కండెన్సర్, చిప్, డయోడ్, అవుట్‌పుట్ కండెన్సర్ ఈ నలుగురూ భుజాలు తాకేంత దగ్గరగా ఉండాలి. రెండు కండెన్సర్ల గ్రౌండ్ కాళ్లూ ఒకే సోల్డర్ ముద్దలో కలపాలి. కాయిల్ కొంచెం దూరమైనా నష్టం లేదు.

మార్పులు, వాటి ఫలితం:
1. నలుగురినీ దగ్గరికి జరిపాక ముళ్లు: 70 మిల్లీవోల్టులు
2. మామూలు 220 మైక్రోఫారడ్‌తో రిపుల్ (అవుట్‌పుట్ వోల్టేజ్‌లో ఎగుడుదిగుడు): 210
3. అదే విలువలో లో ఈఎస్‌ఆర్ (లోపలి రెసిస్టెన్స్ తక్కువున్న) కండెన్సర్‌తో: 90
4. దాని పక్కన 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ పెట్టాక ముళ్లు: 45

రెండో వరుస గమనించండి. సూత్రం ప్రకారం 220 మైక్రోఫారడ్లకు 57 మిల్లీవోల్టులే రావాలి. ఆ సూత్రం కండెన్సర్ లోపలి రెసిస్టెన్స్‌ను లెక్కలోకి తీసుకోదు. అర ఆంపియర్ శిఖరం 0.3 ఓం గుండా పారితే అదే 150 అవుతుంది.

*ఇప్పటివరకు: 310 రూపాయలు, 18 గంటలు, కాలినవి 1 చిప్.*

దశ 6: మిక్సర్‌కు పూనకం

అంకెలన్నీ బాగున్నాయని మిక్సర్‌కు కలిపాను. హార్మోనియం మాస్టారు మైకు ముందు కూర్చున్నారు. స్పీకర్లో సన్నగా "కీ…" అని కూత. ఒక్కో మైకు పెంచేకొద్దీ కూత స్వరం మారుతోంది.

"ఏం నాయనా, మిక్సరుకు పూనకం వచ్చిందా?" అన్నారాయన. "శ్రుతి నేను చూసుకుంటా, దాన్ని ఆపు."

40 కిలోహెర్ట్జ్ చెవికి వినపడదు కదా అని నా ధీమా. స్కోప్ పెడితే తెలిసింది. ఈ చిప్ ప్రతి చక్రంలో ఆన్ సమయాన్ని పెంచుతూ తగ్గిస్తూ అదుపు చేసేది కాదు. వోల్టేజ్ సరిపోతే చక్రాలు ఎగ్గొడుతుంది, తగ్గగానే మళ్లీ కొన్ని కొడుతుంది. లోడ్ తక్కువైనప్పుడు ఆ గుంపులు 3, 4 కిలోహెర్ట్జ్ వేగంతో వస్తున్నాయి. మనిషి చెవి బాగా పట్టే చోటు సరిగ్గా అదే. లోడ్ మారితే గుంపుల వేగం మారుతుంది, స్వరం మారుతుంది.

ముందు చేసింది: 470 ఓంల రెసిస్టర్ అడ్డంగా పెట్టి ఊరికే 25 మిల్లీఆంపియర్లు తాగించాను. కూత స్వరం పైకి పోయింది, చావలేదు. బ్యాటరీ కరెంటు మాత్రం వృథా. తీసేశాను.

తర్వాత చేసింది: కన్వర్టర్‌ను మైనస్ 15కు పెంచి, దాని తర్వాత 7912 లీనియర్ రెగ్యులేటర్ (లోపలికి వచ్చే వోల్టేజ్ ఊగినా స్థిరంగా మైనస్ 12 ఇచ్చేది).

1. 8.59 కిలో ఓం బదులు 11 కిలో ఓం. 1.25ని 12తో గుణిస్తే 15.
2. చిప్ మీద పడేది బ్యాటరీ 14.4 ఉన్నప్పుడు 29.4, హద్దు లోపలే. డయోడ్ మీదా అంతే, 40 వోల్టుల 5819 సరిపోతుంది.
3. కొత్త శిఖరం 0.51 ఆంపియర్లు. 0.5 ఓం పెట్టి హద్దు 0.6కు ఉంచడం ఇక్కడ కలిసొచ్చింది.
4. 7912 ఇన్‌పుట్‌కు, అవుట్‌పుట్‌కు చెరో 47 మైక్రోఫారడ్. అవుట్‌పుట్‌ది మానేయొద్దు, మైనస్ రెగ్యులేటర్లు అది లేకపోతే ఊగుతాయి.

7912 కాళ్లు 7812లా ఉండవని నాకు తెలుసు: మొదటిది గ్రౌండ్, మధ్యది ఇన్‌పుట్, మూడోది అవుట్‌పుట్. జాగ్రత్తగా సోల్డర్ చేశాను. చేసి, 7812 అలవాటుతో దాని వీపును పెట్టె రేకుకు నేరుగా స్క్రూ బిగించాను. 7912 వీపు గ్రౌండ్ కాదు, ఇన్‌పుట్. మైనస్ 15 తిన్నగా పెట్టెకు షార్ట్. ఈసారి చిప్ తన కరెంటు హద్దు వల్ల బతికిపోయింది. అభ్రకం ముక్క, ప్లాస్టిక్ వాషర్ పెట్టి మళ్లీ బిగించాను. నిజానికి ఇంత తక్కువ కరెంటుకు రేకు అక్కర్లేదు, పోయేది 0.2 వాట్లే.

60 మిల్లీఆంపియర్ల దగ్గర: కన్వర్టర్ వరకు దక్కేది 69 శాతం, 7912 తర్వాత 55. రిపుల్ 90 నుంచి 2 మిల్లీవోల్టులకు. ఆ 14 శాతం పోయినందుకు నాకు బాధ లేదు. భజన నాలుగు గంటలు, 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీకి ఇది లెక్కలోది కాదు.

*ఇప్పటివరకు: 355 రూపాయలు, 24 గంటలు, కాలినవి 1 చిప్.*

దశ 7: మిగిలిన కూత గ్రౌండ్‌లో ఉంది

మైనస్ శుభ్రమయ్యాక కూడా మైకు పూర్తిగా పెంచితే కూత సన్నగా ఉంది. మిక్సర్ అవుట్‌పుట్‌లో 18 మిల్లీవోల్టులు.

మిక్సర్ గ్రౌండ్ తీగను కన్వర్టర్ ఇన్‌పుట్ కండెన్సర్ దగ్గర తగిలించాను, అక్కడ చోటుందని. కాయిల్ అర ఆంపియర్ ముక్కలన్నీ ఆ రాగి మీదుగానే తిరిగొస్తాయి. మైకు సిగ్నల్ మిల్లీవోల్టుల్లో ఉంటుంది, దాని గ్రౌండ్ కూడా మిల్లీవోల్టుల్లో ఊగుతోంది.

1. మిక్సర్ గ్రౌండ్‌ను 7912 అవుట్‌పుట్ కండెన్సర్ కాలికి మార్చాను. 18 నుంచి 5.
2. ప్లస్ వైపు సంగతి మరిచాను. అదే బ్యాటరీ తీగ నుంచి కన్వర్టర్ ముక్కలుగా లాగుతోంది, అదే తీగ ఆప్‌ఆంప్‌ల ప్లస్. మధ్యలో 100 మైక్రోహెన్రీల కాయిల్, 470 మైక్రోఫారడ్. 5 నుంచి 1.5.
3. మైనస్ 12 నుంచి గ్రౌండ్‌కు ఒక 1ఎన్4007, గీత ఉన్న వైపు గ్రౌండ్‌కు. మైనస్ ఆలస్యంగా లేస్తే ఆప్‌ఆంప్‌లు ఆ తీగను ప్లస్‌లోకి ఈడ్చకుండా ఆపుతుంది. ఇక్కడైతే 4007కు పని దొరికింది.

బ్యాటరీ మీద పరీక్ష: 14.1 దగ్గర మైనస్ 12.01, 11.0 దగ్గర మైనస్ 11.99. 10.2కు దించితే కన్వర్టర్ అవుట్‌పుట్ 15 నుంచి 13.4కు జారి, 7912 పట్టు వదిలి కూత తిరిగొచ్చింది. అంతవరకు వాడితే బ్యాటరీ ఆరోగ్యానికే మంచిది కాదు కాబట్టి వదిలేశాను.

మాస్టారు రెండో సారి కూర్చుని, మైకు పూర్తిగా పెంచి, చెవి స్పీకరుకు ఆనించి విన్నారు. "సరే" అన్నారు.

*మొత్తం: 380 రూపాయలు, 29 గంటలు, కాలినవి 1 చిప్.*

మిగిలిన పని ఒకటుంది. స్విచ్ వేసినప్పుడు స్పీకర్లో "ధబ్" అంటోంది, ఎందుకంటే ప్లస్ వెంటనే వస్తుంది, మైనస్ 20 మిల్లీసెకన్లు ఆగి వస్తుంది. ప్రస్తుతానికి ముందు మిక్సర్, తర్వాత యాంప్లిఫయర్ వేయమని పెట్టె మూత మీద మార్కర్‌తో రాశాను. అవుట్‌పుట్‌లో రెండు సెకన్లు ఆగి కలిపే రిలే పెట్టాలి, 12 వోల్టుల రిలే తెచ్చి ఉంచాను.